తలుపు తట్టిన నేరగాళ్లు: రహస్య ఆశ్రయం మీద థ్రిల్లర్ రాయడం ఎలా?

బయట నగరం తగలబడుతోంది. దోపిడీ బెడిసికొట్టి, భుజంలో తూటాతో ఇద్దరు ఒక పాత భవనం వెనక తలుపు తట్టారు. లోపల మంచం ఉంది, మందులున్నాయి, పోలీసులు రారన్న భరోసా ఉంది. సమీప భవిష్యత్తులో జరిగే ఇలాంటి కథ రాద్దామని కూర్చున్నవాళ్లలో చాలామంది ఆ తలుపు దాకా బాగానే వస్తారు. తలుపు తెరుచుకున్నాక ఏం చేయాలో తోచక తుపాకులు పేల్చడం మొదలుపెడతారు. నా మొదటి రాతప్రతిలో నేను చేసిందీ అదే. మూడువందల పేజీలు రాశాక అది ఎందుకు కదలడంలేదో అర్థం చేసుకోవడానికి నాకు ఏడాది పట్టింది. ఆ ఏడాదిలో తెలిసినవి మీకు వరసగా చెబుతాను. ఇదే వరసలో చేయండి, ముఖ్యంగా మొదటి రెండూ పూర్తికాకుండా ఒక్క సన్నివేశం కూడా రాయకండి.

మొదటి పని: నియమం రాసుకోవడం

ఇలాంటి ఆశ్రయాన్ని నిలబెట్టేది గోడలూ ఇనప తలుపులూ అనుకుంటాం. దాన్ని నిలబెట్టేది ఒక మాట. "లోపల ఎవరినీ చంపకూడదు" కావచ్చు, "ఎవరు ఉన్నారో బయట చెప్పకూడదు" కావచ్చు. ఆ మాట ఉన్నంతకాలమే అది ఆశ్రయం. మాట పోయిన నిమిషం అదొక పాత భవనం, అందులో కొందరు ఆయుధాలున్న మనుషులు, అంతే.

దీనికి చరిత్రలో చక్కటి ఉదాహరణ ఉంది. అమెరికాలో మినెసోటా రాష్ట్రంలోని సెయింట్ పాల్ నగరానికి 1900లో జాన్ ఓకానర్ పోలీసు అధిపతి అయ్యాడు. ఆయన నేరగాళ్లతో ఒక ఒప్పందానికి వచ్చాడు. ఊళ్లోకి రాగానే వచ్చామని కబురు పెట్టాలి, కొంత ముట్టజెప్పాలి, ఈ ఊరి హద్దుల్లో ఏ నేరమూ చేయకూడదు. అలా ఉంటే పోలీసులు వాళ్ల జోలికి రారు. ఆయన పదవి దిగిపోయాక కూడా ఈ ఏర్పాటు 1930ల దాకా నడిచింది. జాన్ డిలింజర్, ఆల్విన్ కార్పిస్ లాంటి పేరుమోసిన దోపిడీదారులు ఆ ఊళ్లో తలదాచుకున్నారు. మరి అది ఎలా కూలింది? బయటి నుంచి ఎవరో దాడి చేసి కాదు. లోపల ఆశ్రయం పొందినవాళ్లే, కార్పిస్ ముఠాయే, 1933లో అదే ఊరి బీరు కంపెనీ యజమాని విలియం హామ్‌ను, 1934 జనవరిలో బ్యాంకరు ఎడ్వర్డ్ బ్రెమర్‌ను కిడ్నాప్ చేసింది. ఊరిని ముట్టుకోం అన్న మాట పోయింది. అప్పటిదాకా చూసీ చూడనట్టున్న జనం తిరగబడ్డారు. 1935 కల్లా పోలీసు శాఖనే కడిగేశారు.

మీ థ్రిల్లర్ అస్థిపంజరం ఇదే. ఒక మాట, ఆ మాట వల్ల అందరికీ లాభం, ఒకరోజు ఆ లాభం కన్నా పెద్ద ఆశో అవసరమో ఒకరికి పుట్టడం.

కాబట్టి ఒక కాగితం తీసుకుని ఆశ్రయం నియమాన్ని ఒక్క వాక్యంలో రాయండి. దాని కింద మూడు ప్రశ్నలకు జవాబు రాయండి. ఈ నియమం వల్ల ఎవరికి లాభం? తప్పితే శిక్ష వేసేది ఎవరు? ఆ శిక్ష వేసేవాడే తప్పితే? మూడో ప్రశ్న దగ్గర చెయ్యి ఆగిపోతుంది. ఆగనివ్వండి, కథ అక్కడే ఉంది.

నియమాలు మూడుకు మించకూడదు. నా మొదటి ప్రతిలో పద్నాలుగు ఉండేవి. చదివిన స్నేహితురాలికి ఒక్కటీ గుర్తులేదు. గుర్తులేని నియమాన్ని పాత్ర తప్పినప్పుడు పాఠకుడికి గుండె ఝల్లుమనదు.

రెండో పని: ఖరీదు, గడువు

ఆశ్రయం ఉచితంగా దొరికితే కథకు పట్టు ఉండదు. మధ్యయుగపు ఇంగ్లండులో నేరం చేసినవాడు చర్చిలోకి వెళ్లి శరణు కోరితే పట్టుకోకూడదన్న చట్టం ఉండేది. కానీ సాధారణంగా నలభై రోజులే గడువు. ఆలోపు నేరం ఒప్పుకుని దేశం విడిచి పోతానని ప్రమాణం చేయాలి, చెప్పిన రేవుకు నడిచి వెళ్లాలి. అక్కడి డరమ్ కథీడ్రల్ అనే పెద్ద చర్చిలో గడువు ముప్పై ఏడు రోజులు. శరణు కోరి వచ్చినవాడు తలుపుకున్న సింహముఖపు కంచు కడియాన్ని తట్టేవాడు. తలుపు తీశాక లోపల గంట మోగించేవారు, ఎవరో శరణు కోరి వచ్చారని అందరికీ తెలియడానికి. ఆ తర్వాత అతనికి ఎడమ భుజం మీద పసుపు శిలువ కుట్టిన నల్లటి అంగీ తొడిగేవారు.

ఆ అంగీ గురించి కాసేపు ఆలోచించండి. కాపాడే చోటే మనిషికి గుర్తు వేస్తోంది. లోపల ఉన్నంతసేపూ అది రక్షణ. బయట అడుగుపెట్టాక అదే గుర్తు అతన్ని పట్టిస్తుంది. మీ కథలో ఆ అంగీకి సాటివచ్చేది ఏమిటో వెతకండి. చర్మం కింద పెట్టే చిప్పు కావచ్చు, ఇచ్చిన మారుపేరు కావచ్చు, ముందుగానే కట్టించుకునే సభ్యత్వం కావచ్చు. నా కథలో నేను ఎంచుకున్నది రక్తం. లోపలికి రాగానే ప్రతి ఒక్కరి నుంచి చిన్న గొట్టం నిండా రక్తం తీసుకుని, పేరు లేకుండా అంకె వేసి ఫ్రిజ్‌లో పెడతారు. పదేళ్ల గొట్టాలు అలా వరసగా ఉంటాయి. ఆశ్రయం యజమాని చేతిలో అందరి డీఎన్ఏ ఉందన్న సంగతి పాఠకుడికి సగం కథ అయ్యాక తట్టాలని నా కోరిక. తట్టినట్టు చదివినవాళ్లు చెప్పారు.

గడువు మాత్రం తప్పకుండా పెట్టండి. థ్రిల్లర్ రాసేవాడికి గడువుకు మించిన వరం లేదు.

మూడో పని: లోపల ఉండేది ఎవరు?

ముందు కాపలా మనిషి. తలుపు తీసే మనిషి. ఈ పాత్రను నర్సుగానో, డాక్టరుగానో, పాత సైనికుడిగానో ఊహించుకోవడం తేలిక. అసలు ప్రశ్న వేరే ఉంది: ఈ మనిషి ఎందుకు బయటికి వెళ్లడం లేదు? నేరగాళ్లు వస్తారు, పోతారు. ఈ ఒక్కరే ఏళ్ల తరబడి ఉండిపోయారు. దాక్కుంటున్నది ఎవరి నుంచి? దీనికి జవాబు దొరికితే మిగతా పాత్రలన్నీ దాని చుట్టూ సర్దుకుంటాయి.

ఇలాంటి చోట్ల వైద్యం చేసేవాళ్లు మంచి స్థితిలో ఉండి వచ్చినవాళ్లు కారు. 1934 మేలో డిలింజర్ ముఖం మార్పించుకున్నప్పుడు ఆపరేషన్ చేసింది విల్‌హెల్మ్ లోసర్ అనే వైద్యుడు, మాదకద్రవ్యాల కేసులో జైలుకెళ్లి వచ్చినవాడు. షికాగోలో ఒక ఇంట్లో చేశారు. ఈథర్ మత్తు ఎక్కువై రోగికి ఊపిరి ఆగినంత పనైంది, ఎలాగో బతికించారు. యాసిడ్ పోసి వేలిముద్రలు చెరపాలనీ చూశారు, పూర్తిగా పోలేదు. రెండు నెలలకు, జూలై 22న, సినిమాహాలు బయట ఏజెంట్లు అతన్ని కాల్చి చంపారు. అంత నొప్పి పడి కొనుక్కున్న కొత్త ముఖం అతనికి రెండు నెలలు కూడా పనికిరాలేదు. చీకటి వైద్యం గురించి రాసేటప్పుడు ఈ నిస్సహాయతను మరిచిపోకండి. అక్కడ అన్నీ సగం సగమే జరుగుతాయి.

ఇక తలదాచుకునేవాళ్లు. నలుగురు చాలు. ఒకరు గాయంతో వచ్చినవారు, ఒకరు ముందే లోపల ఉన్నవారు, ఒకరు అబద్ధం చెప్పి చేరినవారు, ఒకరు అసలు నేరగాడు కానివారు. ప్రతి ఒక్కరికీ బయట ఒక పని మిగిలి ఉండాలి. ఏ పనీ లేనివాడు హాయిగా నిద్రపోతాడు, వాడితో కథ నడవదు.

నాలుగో పని: భవనాన్ని కాగితం మీద గీయడం

ఊహలో పెట్టుకోకండి, పెన్సిల్‌తో గీయండి. కరెంటు ఎక్కడి నుంచి? నీళ్లు? గాలి? రెండో దారి? పోట్లాట రాసేటప్పుడు ఈ కాగితమే మిమ్మల్ని కాపాడుతుంది.

హాంగ్‌కాంగ్‌లోని కౌలూన్ వాల్డ్ సిటీ గురించి చదవండి. రెండున్నర హెక్టార్లకు కాస్త ఎక్కువ జాగా. 1987 లెక్కల్లో అందులో సుమారు 33,000 మంది. పక్కనే విమానాశ్రయం, ఆ విమానాల దారికి అడ్డురాకూడదని మేడలు పద్నాలుగు అంతస్తుల దగ్గర ఆగిపోయాయి. సందుల్లో పగలే చీకటి, తలమీద నీళ్ల గొట్టాలూ కరెంటు తీగలూ చుట్టచుట్టలుగా. బయట గుర్తింపు లేని దంతవైద్యులు అక్కడ బోర్డులు పెట్టుకుని పళ్లు పీకేవారు. ముఠాల పట్టు ఉన్న కాలంలో కూడా అందులో ఎక్కువమంది మామూలు పనివాళ్లే. 1993, 94లలో కూల్చేశారు. మీ ఆశ్రయానికి కూడా ఇలా ఒక బయటి కారణం అంతస్తుల సంఖ్యనో, వెలుతురునో నిర్ణయిస్తే ఆ చోటు కల్పించినట్టు ఉండదు.

రాసేవాళ్లు ఎక్కువగా వదిలేసేది చెత్త. నెత్తుటి గుడ్డలు, సిరంజీలు, కోసి పారేసిన బట్టలు ఎక్కడికి పోతున్నాయి? రోజూ ముప్పై మందికి వండితే ఆ పొగ ఎక్కడికి పోతోంది? పోలీసు అధికారి తెలివిగా కూపీ లాగి కనిపెట్టాడని రాసేకంటే, చెత్త తీసుకెళ్లే కుర్రాడి సంచి చిరిగిందని రాయండి. పాఠకుడు వెంటనే నమ్ముతాడు.

ఐదో పని: ఏ సంవత్సరం?

పది పదిహేనేళ్ల ముందుకు మించి వెళ్లొద్దు. ఒక్క పెద్ద మార్పు తీసుకోండి, అది కూడా ఇప్పటికే ఎక్కడో ఒకసారి జరిగినదై ఉండాలి. దక్షిణాఫ్రికాలోని కేప్‌టౌన్‌లో 2018లో కరువు ఎంత ముదిరిందంటే మనిషికి రోజుకు యాభై లీటర్ల నీళ్లే వాడాలని ఆంక్ష పెట్టారు. కుళాయిలు కట్టేసే రోజు కోసం లెక్కపెట్టుకున్నారు, ఆ రోజు రాకుండా గట్టెక్కారు. మీ కథలో గట్టెక్కలేదనుకోండి. ఆ ఒక్క మార్పు నుంచి మిగతావన్నీ పుడతాయి: అల్లర్లు, ప్రైవేటు కాపలాలు, నీళ్ల ట్యాంకరును దోచుకునే ముఠా. చేతులు కడుక్కోవడానికి నీళ్లు కొలిచి పోసే ఆపరేషన్ గది.

పరికరాల విషయంలో నా అభిప్రాయం గట్టిది. కొత్తవి రెండో మూడో చాలు, పాతవి బోలెడు ఉండాలి. భవిష్యత్తులో కూడా మనుషులు గొళ్లెం ఊడిపోయిన తలుపులకు తాడు కడతారు. లిఫ్టు తలుపు కాలితో తన్నితేనే మూసుకుంటుంది.

టెక్నాలజీ వల్ల ఆశ్రయమే ఉచ్చుగా మారే అవకాశం మాత్రం వదులుకోవద్దు. 2021 జూన్‌లో బయటపడిన ఆనమ్ ఫోన్ల సంగతి చూడండి. ఎవరూ వినలేని రహస్య ఫోన్లని నమ్మి వందకు పైగా దేశాల్లో నేరముఠాలు వాటిని కొనుక్కున్నాయి. పన్నెండు వేలకు పైగా ఫోన్లు. వాటిని నడిపించింది అమెరికా ఎఫ్‌బీఐ. ప్రతి సందేశమూ పోలీసులు చదివారు, ఒక్కసారిగా 800 మందికి పైగా పట్టుబడ్డారు. దాక్కోవడానికి డబ్బిచ్చి మరీ పోలీసుల ఇంట్లో చేరినట్టు. ఈ ఆలోచన వాడదలిస్తే దాన్ని చివరి మలుపుగా దాచకండి, ఇప్పటి పాఠకుడు ముందే పసిగడతాడు. కథ మధ్యలోనే తెలిసిపోనిచ్చి, తెలిసినవాడు ఎవరికీ చెప్పలేని పరిస్థితి కల్పించండి.

ఆరో పని: గాయాన్ని దగ్గరగా చూడటం

ఇక్కడ తొందరపడొద్దు. ఆశ్రయం కథలో పోట్లాట కన్నా గాయమే ఎక్కువసేపు పాఠకుణ్ణి పట్టుకుంటుంది. భుజానికి తూటా తగిలితే కట్టు కట్టుకుని అదే చేత్తో కాల్చే హీరోను మరిచిపోండి. భుజంలో పెద్ద రక్తనాళాలున్నాయి, చేతిని కదిలించే నరాల గుత్తి ఉంది. నా రాతప్రతి చదివిన ఒక శస్త్రవైద్యుడు అంచున పెన్సిల్‌తో "ఇతను వేళ్లు ముడవగలడా?" అని మాత్రం రాశారు. ఆ ప్రశ్న నా కథను మార్చేసింది. తాళాలు తెరవడంలో ఆరితేరిన నా దొంగకు కుడి చేతి వేళ్లు ముడుచుకోవడం లేదు. అతను ఆ రాత్రంతా ఎవరికీ చెప్పకుండా ఆ చేతిని జేబులో పెట్టుకు తిరుగుతాడు.

కొన్ని నిజాలు పక్కన పెట్టుకోండి. పెద్ద మనిషి ఒంట్లో సుమారు ఐదు లీటర్ల రక్తం. తొడలోని ధమని తెగితే నిమిషాల్లో ప్రాణం పోవచ్చు. నిల్వచేసిన ఎర్రకణాల సంచి ఒకటి నుంచి ఆరు డిగ్రీల చలిలో, తగిన ద్రావణంతో, గరిష్ఠంగా 42 రోజులు ఉంటుంది. అంటే మీ ఆశ్రయానికి ఎవరో క్రమం తప్పకుండా రక్తం తెచ్చివ్వాలి. ఆ ఎవరో ఒక పాత్ర. కరెంటు పోతే ఫ్రిజ్ వేడెక్కుతుంది, అది గడియారం. తూటాను ప్రతిసారీ బయటికి తీయరు. వెతుకుతూ లోపల కెలికితే నష్టం ఎక్కువైతే అక్కడే వదిలేస్తారు. పళ్లెంలో తూటా టంగుమని పడే సన్నివేశాన్ని ఇక చాలించుదాం.

మత్తు విషయంలో కెటమిన్ గురించి తెలుసుకోండి. 1962లో తయారైన మందు, ఊపిరిని అంతగా అణచదు కాబట్టి యుద్ధరంగంలోనూ వాడతారు. ఆ మత్తులో ఉన్నవాడి కళ్లు తెరిచే ఉండొచ్చు, కనుగుడ్లు మెల్లగా అటూ ఇటూ కదులుతుంటాయి. తేరుకునేటప్పుడు భయంకరమైన కలల్లాంటివి రావచ్చు. నా కథలో ఈ చోటు ఇలా వచ్చింది:

"అతని కళ్లు తెరిచే ఉన్నాయి. దీపం కేసి చూస్తున్నాయి, దీపాన్ని చూడటం లేదు. ఆమె మూడో కుట్టు వేస్తుండగా పెదవులు కదిలాయి. ఒక వీధి పేరు. ఆమె దారం ఆపింది. పక్క మంచం మీద నిద్రపోతున్నట్టు పడుకున్నవాడి ఊపిరి కూడా ఆగింది."

మత్తులో నోరు జారిన ఒక్క వీధి పేరు. ఒక్క తూటా లేదు. ఆ పేజీ దగ్గర ఆపలేకపోయామని చదివినవాళ్లందరూ చెప్పారు.

ఏడో పని: పోట్లాటలు

ఎన్ని ఉండాలి? మూడు. మొదటిది ఇరుకు చోట, ఆయుధం లేకుండా. రెండోది నియమం తప్పిన చోట. మూడోది బయటికి పోయే దారిలో. ప్రతి పోట్లాట అయ్యాక మీరు గీసుకున్న భవనం పటం మారాలి. ఒక తలుపు పోవాలి, ఒక దారి మూసుకుపోవాలి, లైట్లు ఆరిపోవాలి. పటం మారని పోట్లాటను కొట్టేయండి, ఎంత బాగా వచ్చినా సరే.

చప్పుడు మరిచిపోకండి. సైలెన్సర్ పెట్టిన తుపాకీ తుమ్మినంత చప్పుడు కూడా చేయదని చాలామంది రాస్తారు. అది ఇరవై నుంచి ముప్పై అయిదు డెసిబెల్స్ తగ్గిస్తుంది, అంతే. తుపాకీ పేలుడు చప్పుడు నూట అరవై అనుకుంటే, తగ్గాక నూట ముప్పై చిల్లర మిగులుతుంది. మూసిన గదిలో అది చెవులకు దెబ్బే. నాలుగు గోడల మధ్య ఒక్కసారి పేలితే భవనంలో అందరికీ తెలుస్తుంది. ఈ నిజం మీకు శత్రువు అనిపించొచ్చు. నిజానికి ఆయుధం చేతిలో ఉండి కూడా వాడలేని స్థితిని ఇది మీకు ఇస్తోంది. గుమ్మం దగ్గరే ఆయుధాలు తీసి పెట్టేయాలన్న నియమం ఉంటే ఇంకా మంచిది. అప్పుడు లోపల దొరికేవి కత్తెర, ఆక్సిజన్ సిలిండర్, సెలైన్ స్టాండ్.

ఎనిమిదో పని: నియమాన్ని విరగ్గొట్టడం

కథ మొత్తం ఒక్క రాత్రిలో జరిగితే ఉత్తమం. పన్నెండు గంటలు అనుకుంటే, ఏడో గంట ప్రాంతంలో నియమం తప్పాలి. ఎవరు తప్పాలి? దుర్మార్గుడు తప్పితే అందులో వింత లేదు, పాఠకుడు మొదటి నుంచీ దానికోసమే చూస్తున్నాడు. ఆ నియమాన్ని అందరికన్నా ఎక్కువ నమ్మిన మనిషి తప్పాలి. అదీ స్వార్థం కోసం కాకుండా, మనం ఆ చోట ఉంటే మనమూ అదే చేస్తాం అనిపించే కారణానికి. ఉదాహరణకు, ఆశ్రయం జాబితాలో పేరు లేని ఒక గాయపడ్డ మనిషి గుమ్మం ముందు పడి ఉన్నాడు. తలుపు తీయకూడదు. కాపలా మనిషి చెయ్యి గొళ్లెం మీద ఉంది.

అక్కణ్నుంచి ఒక్కొక్కరూ ఏం చేస్తారో వాళ్ల పాత లెక్కల్ని బట్టి రాసుకుంటూ పోండి. నియమం ఒకసారి పోయాక ఇంకెవరికీ దాని అడ్డు ఉండదు. ఇంతవరకూ ఆగిన పగలన్నీ లేస్తాయి. చివరి అయిదు గంటలకు కావలసిన చర్య మొత్తం మీరు వెతుక్కోనక్కర్లేకుండా వస్తుంది. ముగింపులో ఆశ్రయం నిలవాలా కూలాలా అన్నది మీ ఇష్టం. నిలిచినా పాత నియమంతో మాత్రం నిలవకూడదు.

చివరి పని: తలుపుల పరీక్ష

మొదటి ప్రతి పూర్తయ్యాక రెండు వారాలు పక్కన పెట్టండి. తర్వాత కథ మొత్తం చదవకుండా, తలుపు తెరుచుకునే చోట్లు మాత్రం ఏరి ఒక కాగితం మీద వరసగా రాయండి. ఎవరు తట్టారు, ఎవరు తీశారు, ఏం అడిగారు, ఏం ఇచ్చారు. నాకు మొదటిసారి ఇరవై మూడు వచ్చాయి, అందులో పదకొండు ఒకేలా ఉన్నాయి: తట్టడం, పేరు చెప్పడం, లోపలికి రావడం. వాటిలో తొమ్మిది కొట్టేశాను. మిగిలిన వాటిలో ప్రతి తలుపూ ముందుదానికన్నా కాస్త ఆలస్యంగా తెరుచుకునేలా తిరగరాశాను. చివరి తలుపు దగ్గర కాపలా మనిషి బయట ఉంటుంది, తట్టేది ఆమే. లోపల ఉన్నవాడి కుడిచెయ్యి ఇంకా జేబులోనే ఉంది, ఎడమ చేత్తో గొళ్లెం వెతుక్కుంటున్నాడు.